తిట్టు తగలని కొమ్మ

రెబెక్కమ్మకు కోట ఊరు అర్థం కాలేదు. వచ్చి మూడేళ్ళయినా అర్థం కాలేదు. ఊరంటే ఇళ్ళూ వీధులూ కాదు గదా, మనుషులు. అందులోనూ ఆడవాళ్ళు. అందులోనూ బేస్తవారం వస్తే చాలు, ఎవరో ఒకరి పెరట్లో చేరి మొక్కల ముచ్చట్లు చెప్పుకునే పూలతోట సంఘం ఆడవాళ్ళు. వాళ్ళను అర్థం చేసుకోవాలంటే సాక్షాత్తూ బ్రహ్మదేవుడే దిగిరావాలి. వచ్చినా ఆయన ఒక ఏడాది పాటు సంఘంలో చేరి పేడ పిసికితే తప్ప లాభం లేదు.

ఆ సంఘాన్ని పెట్టింది బ్లాకు ఆఫీసు నుంచి వచ్చిన ఒక గ్రామసేవిక. ఊరూరా మహిళా మండళ్ళు పెట్టమని సర్కారు చెప్పిన రోజులవి. ఆవిడ బదిలీ మీద వెళ్ళిపోయింది గాని సంఘం మాత్రం ఉండిపోయింది. మాఘం వెళ్ళీ వెళ్ళకముందే వాళ్ళకు చేతినిండా పని. మల్లెపొదలకు ఆకు దూయాలి. పాదులు తవ్వాలి. వేరుశెనగ చెక్క నానబెట్టిన నీళ్ళు పొయ్యాలి. ఆ కంపుకు వీధి వీధంతా ముక్కు మూసుకునేది, మగవాళ్ళు అన్నం ముందు కూర్చుని సణిగేవాళ్ళు. సముద్రపు గాలికి లేత చిగుళ్ళు మాడిపోకుండా తూర్పు వైపు తాటాకు దడి కట్టాలి. ఇవన్నీ ఒకరింట్లో ఒకరు చేసిపెట్టుకునేవాళ్ళు. ఉగాదికి ముందు రోజు బడి వరండాలో పూలపోటీ. ఇంతా చేస్తే బహుమతి ఎవరికయ్యా అంటే, ఎప్పుడూ ఆదిశేషమ్మకే.

ఆదిశేషమ్మ సంఘానికి పెద్ద. మాగాణి ఉన్న రైతు ఇంటి ఇల్లాలు. మడీ ఆచారం ఎక్కువ, గొంతు అంతకంటే ఎక్కువ. ఆవిడ పెరట్లో బావి పక్కన ముద్దనందివర్ధనం చెట్టు ఉండేది. ఒక్కో పువ్వు చిన్న వెన్నముద్దంత. పొద్దున్నే బుట్టెడు కోసి పూజ చేసుకున్నా చెట్టు తెల్లగానే కనిపించేది.

రెబెక్కమ్మకు కావలసింది ఆ చెట్టు కొమ్మ. ఒకే ఒక్క కొమ్మ.

ఆమె భర్త జీవానందం బోర్డు స్కూలు మేష్టరు. బడికి పోతూ ఆదిశేషమ్మగారి గోడ దగ్గర రోజూ ఆగేవాడు. ఇంటికొచ్చి, "ఎంత తెలుపే రెబెక్కా ఆ పువ్వు! చూస్తుంటే కడుపు నిండిపోతుంది," అనేవాడు. మొన్న వానాకాలంలో విషజ్వరం తగిలి పోయాడు. ఊరికి తూర్పున, సరుగుడు చెట్ల సర్వితోపు అవతల క్రైస్తవుల సమాధుల తోట ఉంది. అక్కడ పూడ్చారు. అదంతా ఇసక. రెబెక్కమ్మ మహిళా మండలిలో కుట్టుపని నేర్పుతూ ఆ ఊళ్ళోనే ఉండిపోయింది. ఆయన్ని ఒక్కణ్ణీ వదిలి ఎక్కడికి పోతుంది?

ఈస్టరు తెల్లవారుజామున కోట క్రైస్తవులందరూ సమాధుల దగ్గరికి వెళ్ళి, సున్నం కొట్టిన సమాధుల మీద పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి పాటలు పాడతారు. జీవానందం పోయాక వచ్చే మొదటి ఈస్టరు అది. పూలు కొనుక్కొచ్చి పెట్టొచ్చు గదా అంటారేమో. పెట్టొచ్చు. అక్కడి గాలి సంగతి మీకు తెలియదు. పెట్టిన పువ్వు పెట్టినట్టే ఎగిరి సర్వితోపులో పడుతుంది. అందరి పూలూ కొట్టుకుపోయాక ఆయన ఉత్త ఇసకలో పడి ఉండటం ఆమెకు చూడతరం కాదు. వేరున్న చెట్టు కావాలి, ఆయన చూసి మురిసిన చెట్టే కావాలి. ఈస్టరు నాటికి పూయకపోయినా ఫరవాలేదు, నాలుగు ఆకులతో నిలబడితే చాలు. నెల్లూరు నుంచి తెప్పించిన గులాబీ అప్పటికే అక్కడ ఎండి పుల్లయింది.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. రెబెక్కమ్మ అడిగి తెచ్చుకునే మనిషి. చిన్నప్పుడే తల్లిదండ్రులు పోయి నెల్లూరులో బోర్డింగు హాస్టల్లో పెరిగింది. అక్కడ తోట మిషను దొరలది. అడక్కుండా ఒక పువ్వు తుంచితే సాయంత్రం దాకా వరండాలో మోకాళ్ళ మీద నిలబడాలి. ఆ భయం ఆమె ఒంట్లోంచి పోలేదు. అందుకని కోటకొచ్చిన కొత్తలో పక్కింటి చెంచమ్మను మర్యాదగా అడిగింది, ఒక కనకాంబరం కొమ్మ ఇస్తావా అని.

"లేదక్కా," అంది చెంచమ్మ. వెనకాల పెరడంతా కనకాంబరాలే. "అయ్యో, పొయ్యి మీద పాలు పొంగతా ఉండాయి!" అంటూ లోపలికి పోయింది. ఎంతసేపటికీ రాలేదు. రెబెక్కమ్మ కాసేపు నిలబడి, ఇంటికి వచ్చేసింది. మర్నాడు చెంచమ్మ ముఖం మాడ్చుకుని ఉంది. ఇవ్వనన్న మనిషి ముఖం మాడ్చుకోవడమేమిటో తలా తోకా తెలియలేదు.

ఇది చాలదన్నట్టు, రెబెక్కమ్మ పెరట్లో దొంగతనాలు మొదలయ్యాయి. బోర్డింగు నుంచి తెచ్చుకున్న పసుపు మందారం ఒకటుంది ఆమెకు. చుట్టుపక్కల ఆ రంగు ఎక్కడా లేదు. ఆమె ఇంట్లో సంఘం కూడిన ప్రతిసారీ, అందరూ వెళ్ళాక చూస్తే ఒక కొమ్మ మాయం. నరికినట్టు కాదు, శుభ్రంగా ఏటవాలుగా కోసి, కోసిన చోట ఇంత పేడ కూడా అద్ది! దొంగతనం చేసి వైద్యం చేసి పోయే దొంగలను ఎక్కడైనా చూశారా? రెబెక్కమ్మ పళ్ళ బిగువున ఊరుకుంది. తప్పు చేసినవాళ్ళను మన్నించమని గదా చర్చిలో రోజూ వింటున్నది. వచ్చే బేస్తవారం అందరి వైపూ చల్లగా, మన్నించేసిన ముఖంతో చూసేది. వాళ్ళు మాత్రం ఆమే తమకేదో బాకీ ఉన్నట్టు చూసేవాళ్ళు.

ఒకరోజు చెంచమ్మ గోడ మీది నుంచి తల పెట్టింది.

"అక్కా, నీ మందారం కొమ్మ ఎవురో కోసినట్టుండాదే?"

"కోశారు చెంచమ్మా. పోనీలే."

"పోనీలే అంటే ఎట్టా? నీకు కోపం రాలా?"

"రాలేదు."

"రొంతన్నా రాలా?"

"లేదు. క్షమించేశాను."

చెంచమ్మ ముఖం పాలు విరిగినట్టయింది. "అయ్యో, క్షమించేసినావా!" అని గోడ దిగి వెళ్ళిపోయింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఉందే ఈమె వాలకం అనుకుంది రెబెక్కమ్మ. కానీ భుజాలు తడుముకునేవాళ్ళు క్షమించామంటే సంతోషించాలి గదా? ఈ ఏడుపేమిటి?

సరే, ఫాల్గుణం చివరి బేస్తవారం వచ్చింది. ఉగాదికి ముందు ఆఖరి సమావేశం, ఆదిశేషమ్మగారి పెరట్లో. ఈస్టరు దగ్గర పడుతోంది. ఇక సిగ్గుపడితే లాభం లేదని రెబెక్కమ్మ నిర్ణయించుకుంది. మల్లెల సంగతీ, పోటీలో ఎవరి కుండీ ఎక్కడ పెట్టాలన్న తగువూ అయ్యాక లేచి నిలబడింది.

"ఆదిశేషమ్మగారూ, మా ఆయన సమాధి మీద నాటుకోవాలి. ఈ నందివర్ధనం ఒక్క కొమ్మ ఇప్పించండి. ఈస్టరు లోపల పెట్టాలని ఆశగా ఉంది."

ఎప్పుడూ నోరు మూయని ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా మూసేశారు. ఆదిశేషమ్మ చెట్టు వంక చూసింది, రెబెక్కమ్మ వంక చూసింది.

"కొమ్మా? యాడుండాదమ్మా కొమ్మ? లేదు. ఒక్కటి కూడా లేదు," అంది. అంటున్నప్పుడు ఒక కొమ్మ ఆవిడ నెత్తికి తగులుతూనే ఉంది. దాన్ని చేత్తో పక్కకు నెట్టి, చేతిలో ఉన్న కొడవలి బావిగట్టు మీద పెట్టి, "పదండే, లోపలికి పదండి. పానకం కలిపిండా," అంది అందరితో. రెబెక్కమ్మ కదలబోయింది. "నువ్వు ఈడనే ఉండు టీచరమ్మా."

అందరూ లోపలికి పోయారు. తలుపు ఓరగా పడింది.

రెబెక్కమ్మ చెట్టు కింద ఒంటరిగా నిలబడిపోయింది. ఆ ఇంట్లో అందరికీ ఇత్తడి గ్లాసులు, ఆమెకు మాత్రం వరండా గూట్లో ఒక గాజు గ్లాసు. అది అతిథి మర్యాదో, అంటు భయమో ఆమె ఎన్నడూ అడగలేదు. అడిగితే మర్యాదేనంటారు. అడక్కపోతే మర్యాదే అనుకోవచ్చు. ఈ రోజు మాత్రం అనుకోవడానికి ఏమీ మిగల్లేదు. సమాధి అన్న మాట వినగానే చెట్టుకు కొమ్మలు లేకుండా పోయాయి, తనకు లోపల చోటు లేకుండా పోయింది. లోపలి నుంచి నవ్వు గాని మాట గాని వినిపించడం లేదు. తనను చూడటం కూడా ఇష్టం లేక అలా కూర్చున్నారా? ఎదురుగా కొడవలి మెరుస్తోంది. దాని వంకైనా చూడకుండా, కొంగు నోటికడ్డం పెట్టుకుని వీధిలోకి వచ్చేసింది.

ఆ రాత్రి తిండి సయించలేదు. జీవానందం ఉంటే ఏదో ఒకటి చెప్పి నవ్వించేవాడు. ఆయనే ఉంటే ఈ కొమ్మ గొడవే ఉండేది కాదు గదా అనుకుని ఇంకా ఏడ్చింది.

ఉగాది వెళ్ళింది. పూలపోటీకి రెబెక్కమ్మ పోలేదు. తరువాతి బేస్తవారం సంఘం తన ఇంట్లోనే కూడాలి. ఆ మధ్యాహ్నం తలుపు వేసి గడియ పెట్టింది. వస్తే రానీ, తలుపు చూసుకుని పోతారు. వచ్చారు, పోయారు. చెంచమ్మ మాత్రం పెరటి గోడ దూకి వచ్చింది.

"ఏందక్కా ఇది? ఊళ్ళో ఆడోళ్ళందరి మీదా నీకింత కోపమేంది?"

రెబెక్కమ్మకు ఒళ్ళు మండింది. "నాకు కోపమా? నన్ను పెరట్లో నిలబెట్టి తలుపేసుకున్నది మీరు గదా! చెట్టు నిండా కొమ్మలు పెట్టుకుని లేదన్నది మీరు గదా!"

"లేదనక ఉందంటారా ఎవురన్నా?" చెంచమ్మ నోరు తెరుచుకుని చూసింది. "ఆడ కొడవలి పెట్టి, మేమందరం లోపలికి పోయి, ఉలుకూ పలుకూ లేకుండా కూసోని, పానకం రెండు మాట్లు తాగి కడుపులు ఉబ్బిపోతే... ఆదిశేషమ్మ పెద్దక్క తలుపుకు చెవి ఆనించి కూసోనింది, కొమ్మ తెగిన చప్పుడు ఇనబడతాదేమోనని. నువ్వేమో ఉత్త చేతుల్తో పోతివి! మా చెట్టు నీకు పనికిరాలేదా అని పెద్దక్క ఆ పూట అన్నం తినలా, తెలుసునా?"

రెబెక్కమ్మ గోడకు ఆనుకుని కూలబడింది. "నన్ను కోసుకోమనా పోయారు?"

"మరి! అడిగి తెచ్చుకున్న కొమ్మ బతకతాదా యాడన్నా? ఎత్తుకుపొయ్యిందే నాటుకుంటాది. అడిగితే లేదనాల. లేదని అటు తిరగాల. ఇటు కోసుకుపోవాల. పోయినాక చెట్టు గలామె వీధికెక్కి తిట్టాల. తిట్టు తగిల్తేనే వేరు దిగేది."

"మరి ఇన్నాళ్ళూ ఒక్కరైనా నాకు చెప్పలేదేం?"

"చెపితే ఇచ్చినట్టే గదా! అయినా ఇది చెప్పేదేంది, పాలు తెల్లగుంటాయని చెపుతారా? నీ దయవల్ల నీ మందారం కొమ్మలన్నీ మా ఇండ్లల్లో ఎండిపోయినాయి. ఒక్క తిట్టన్నా తిట్టినావా? క్షమించేసినానంటివి!"

రెబెక్కమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నోరు తెరిస్తే రెండూ వచ్చేట్టున్నాయి.

"కానీ దొంగతనం పాపం గదా చెంచమ్మా. ఆయన సమాధి మీద దొంగసొత్తు ఎలా నాటను?"

"దొంగతనం యాడుండాది? కొడవలి పెద్దక్కది. ఆడ పెట్టింది పెద్దక్క."

"అయితే ఆవిడ ఇచ్చినట్టే గదా."

"ఇచ్చినట్టు కాదు!"

"పోనీ, నేను తీసుకున్నట్టా?"

"తీసుకున్నట్టు కాదక్కా, ఎత్తుకుపోయినట్టు! యాడ చదువుకున్నావో గాని తల్లీ..."

రెబెక్కమ్మ అసలు మాట అడిగింది. "సమాధికని చెప్పాను. అందుకు ఇవ్వలేదేమో అనుకున్నాను."

చెంచమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆ సంగతి నాకు తెలవదక్కా. పెద్దక్క మనసులో ఏముండాదో పెద్దక్కకే తెలియాల. కొడవలైతే పెట్టింది."

మర్నాడు మధ్యాహ్నం రెబెక్కమ్మ ఆదిశేషమ్మగారి పెరటి తలుపు తోసింది. ఆదిశేషమ్మ వరండాలో చేటలో బియ్యం ఏరుతోంది. రెబెక్కమ్మను చూడగానే చేటతో సహా గోడ వైపు తిరిగి కూర్చుంది. కొడవలి బావిగట్టు మీదే ఉంది. ఆ రోజు నుంచీ తీయలేదో ఏమో.

రెబెక్కమ్మ కొడవలి పట్టుకుంది, మళ్ళీ పెట్టేసింది. ఇంకోసారి పట్టుకుంది. బోర్డింగు వరండా కళ్ళ ముందు కనబడింది, మోకాళ్ళు నొప్పి పుట్టాయి కూడా.

"ఆదిశేషమ్మగారూ, నా చేత కాదు. మీరే కోసివ్వండి," అంది.

ఆదిశేషమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూనే ఉంది.

"మీకు వినబడుతోందా?"

"ఈ మజ్జ నాకు చెవుడొచ్చింది," అంది ఆదిశేషమ్మ గోడతో. "డాక్టరుకు చూపించుకోవాల." కాస్త ఆగి, మళ్ళీ గోడతోనే, "లేత కొమ్మ పనికిరాదు. వేలు లావుది చూసి, కణుపు కింద ఏటవాలుగా కొయ్యాల. నేను గోడతో చెపతా ఉండా," అంది.

రెబెక్కమ్మ కళ్ళు మూసుకుని, ప్రభువా క్షమించు అనుకుని కోసింది. తెల్లటి పాలు చేతి మీద కారాయి. కొమ్మను కొంగులో దాచుకుని, చెప్పులు చేతబట్టుకుని బయటపడింది. వీధి మలుపు దగ్గరికి రాగానే వెనకాల ఆదిశేషమ్మ గొంతు లేచింది.

"ఏ దొంగది వచ్చిందే నా పెరట్లోకి! దాని చెయ్యి పడిపోను! దాని పొయ్యిలో పిల్లి ఈన! పచ్చటి చెట్టును కోసుకుపోయినాదే, దాని చెవుల్లో చీమలు దూర!"

వీధంతా తలుపులు తెరుచుకుని వింటున్నారు. తేలు కుట్టిన దొంగలా రెబెక్కమ్మ తల వంచుకుని నడుస్తోంది. నడుస్తూ నడుస్తూ ఒక సంగతి గమనించి ఆగిపోయింది. ఆదిశేషమ్మ తిట్లు ఆమె ఎన్నిసార్లు వినలేదు! చెంచమ్మ వచ్చినా ఇంకెవరు వచ్చినా ఆ తిట్టు "దొంగముండా" అనే మొదలవుతుంది. ఈ రోజు ఆ మాట ఒక్కసారి కూడా రాలేదు. మొగుడు పోయిన మనిషని, ఆ ఒక్క మాటా మింగి మిగతావన్నీ తిడుతోంది ఆవిడ. తిట్టించుకుంటూ అంత సంతోషపడిన మనిషి ఆ వీధిలో అంతకు ముందు నడిచి ఉండదు.

కొమ్మను అలాగే తీసుకుపోయి జీవానందం తల వైపు నాటింది. అటునుంచి వచ్చి తన వాకిట్లో నిలబడి, బతుకులో మొదటిసారి తిట్టింది. పాపం, ఆమెకు తిట్లు రావు. చర్చిలో విన్నవే వచ్చాయి. "నా మందారం కోసిన వేషధారులారా! పాము పిల్లలారా! మీకు శ్రమ!" అని అరిచింది. గోడ అవతల చెంచమ్మ చప్పట్లు కొట్టింది. నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు, ఆ తరువాత ఎత్తుకుపోయిన మందారాలన్నీ బతికాయి.

ఈస్టరు నాడు సమాధి మీద పువ్వు లేదు. చిటికెన వేలి గోరంత పచ్చటి చిగురు రెండు చోట్ల ఉంది. కొవ్వొత్తి వెలుగులో దాన్నే చూస్తూ ఆమె పాటలు పాడింది.

ఆ ఏడు కార్తీకంలో తుఫాను వచ్చింది. ఉప్పునీళ్ళు పొలాల మీదికి ఎక్కాయి. ఊళ్ళో తోటలు తుడిచిపెట్టుకుపోయాయి. ఆదిశేషమ్మ నందివర్ధనం వేళ్ళతో లేచి బావిలోకి వాలిపోయింది. నీళ్ళు తీశాక చూస్తే ఎత్తైన ఇసకదిబ్బ మీది సమాధుల తోటలో మాత్రం, జీవానందం తల దగ్గర, చెట్టు నిలబడే ఉంది.

మళ్ళీ మాఘం వచ్చింది, మళ్ళీ సంఘం కూడింది. తుఫాను మిగిల్చిన మొద్దులకు మన్ను ఎగదోసుకుంటూ, దడులు కట్టుకుంటూ, ఉన్నవాళ్ళు లేనివాళ్ళను ఎత్తుకుపోనిస్తూ ఆడవాళ్ళు తోటలు మళ్ళీ నిలబెట్టుకుంటున్నారు. ఆదిశేషమ్మ ఒక్కతే ఏమీ పెట్టలేదు. పోటీకి కుండీ తేలేదు. పూజకు తెల్ల పువ్వు లేదు. ఆ గొంతు సగానికి తగ్గిపోయింది. జీవానందం చెట్టు మాత్రం రొమ్ము ఎత్తు పెరిగి, ఇసక మీద తెల్లగా విచ్చుకుంది.

రెబెక్కమ్మకు మనసు ఆగలేదు. ఆ చెట్టు ఆవిడది. ఒక కొమ్మ వెనక్కి చేరాలి. కానీ ఎలా? తను కోసి ఇస్తే బతకదు. ఆవిడే వచ్చి ఎత్తుకుపోవాలి. ఆవిడ అక్కడికి వస్తుందా?

"నీకేమన్నా పిచ్చా అక్కా?" అంది చెంచమ్మ. "సమాధుల కాడికి పోయి వస్తే తలకు పోసుకోవాల. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? పైగా ఆడ పూసిన పువ్వు దేవుడికా? పెద్దక్క చచ్చినా రాదు."

నిజమేననిపించింది. ఆదిశేషమ్మగారింట్లో గాజు గ్లాసు ఇంకా ఆ గూట్లోనే ఉంది. రెబెక్కమ్మ ఇంట్లో సంఘం కూడిన ప్రతి బేస్తవారం ఆవిడకు ఏదో ఒక ఉపవాసం వస్తుంది, మంచినీళ్ళు కూడా ముట్టదు. తిట్టులో అంత దయ చూపిన మనిషి గ్లాసు దగ్గర ఎందుకలా చేస్తుందో, ఏది ఆచారమో, ఏది అవమానమో, ఎంత ఆలోచించినా తెగదు. అయినా ఈస్టరు ముందు బేస్తవారం, తన పెరట్లో అందరూ కూర్చుని ఉండగా, రెబెక్కమ్మ మందారం చెట్టు వైపు తిరిగి దానితో చెప్పింది.

"శనివారం పొద్దున సమాధులకు సున్నం కొడతారు. మధ్యాహ్నం అక్కడ పురుగు కూడా ఉండదు. నేనూ ఉండను. మతిమరుపుతో కొడవలి అక్కడి గోడ మీద వదిలేసి వస్తానేమో, ఏమిటో."

ఆడవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఆదిశేషమ్మ మాత్రం విసుక్కుంది. "పండగ ముందర ఆ సమాధుల మాటలు మనకెందుకు టీచరమ్మా? ఏరే ఏదన్నా మాట్టాడు," అని లేచి వెళ్ళిపోయింది.

రెబెక్కమ్మకు చెంపదెబ్బ తిన్నట్టయింది. అనకుండా ఉంటే బాగుండేదని రెండు రోజులు కుమిలింది. శనివారం సున్నం కొట్టించింది, కొడవలి గోడ మీద వదిలి వచ్చింది. ఎందుకు వదిలానా అని ఇంటికొచ్చి తననే తిట్టుకుంది. సాయంత్రం చెంచమ్మ గోడ మీది నుంచి తల పెట్టి, "పెద్దక్కకు ఏమయిందో గాని అక్కా, మిట్టమజ్జాన్నం బావి కాడ కోకతో సహా నెత్తిన నీళ్ళు గుమ్మరించుకుంటా ఉండాది. ఏందక్కా ఈ యాళప్పుడు అంటే, ఎండగా ఉండాదంట!" అని నవ్వింది. రెబెక్కమ్మ ఏదో ఆలోచనలో ఉండి ఊఁ కొట్టింది.

ఈస్టరు. చీకటి ఇంకా విడలేదు. సమాధుల తోట నిండా కొవ్వొత్తులు. పరంజ్యోతి పాస్టరుగారు నడుమ నిలబడి ప్రార్థన చేస్తున్నారు, జనమంతా తల వంచుకుని ఉన్నారు. రెబెక్కమ్మ కొవ్వొత్తి పెట్టడానికి వంగింది. చెట్టు పక్కన ఏదో తేడాగా కనిపించి వెలుగు దగ్గరికి జరిపింది.

వేలు లావు కొమ్మ ఒకటి లేదు. కణుపు కింద, ఏటవాలుగా కోసి ఉంది. కోసిన చోట పేడ, పేడ మీద చిటికెడు పసుపు. కొడవలి కడిగి, వదిలిన చోటే గోడ మీద పెట్టి ఉంది.

మిట్టమధ్యాహ్నం ఎండలో కోకతో సహా తలకు పోసుకున్న నీళ్ళు అప్పుడు అర్థమయ్యాయి ఆమెకు. గ్లాసు సంగతి అర్థం కాలేదు, ఉపవాసాల సంగతి అర్థం కాలేదు, ఇకముందు అవుతాయన్న ఆశ కూడా లేదు. ఇది మాత్రం అర్థమయింది. ఆవిడ ఇక్కడిదాకా నడిచి వచ్చింది. తన మొగుడి తల దగ్గర వంగింది. ఆ ఇసకలో మొలిచిన కొమ్మను కొంగులో పెట్టుకుని తన దేవుడి కోసం తీసుకుపోయింది. రెబెక్కమ్మకు కళ్ళు నిండిపోయి ఏమీ కనిపించలేదు. చేతులు జోడించి స్తోత్రం చెప్పబోయి, చప్పున నాలుక కరుచుకుంది. అయ్యో, స్తోత్రమేమిటి! కొమ్మ ఎండిపోదూ!

గాలి సముద్రం నుంచి ఊరివైపే వీస్తోంది. ఆమె లేచి నిలబడి, ఊరివైపు తిరిగి, గొంతు చించుకుని అరిచింది.

"ఏ దొంగది వచ్చిందే ఇక్కడికి! నా మొగుడి నెత్తిమీది చెట్టు కోసుకుపోయిందే! దాని చెయ్యి పడిపోను! దాని పొయ్యిలో పిల్లి ఈన! దాని చెవుల్లో చీమలు దూర!"

ప్రార్థన ఆగిపోయింది. జనమంతా తలలెత్తి చూశారు. పరంజ్యోతిగారు కంగారుగా పరుగెత్తుకొచ్చారు.

"రెబెక్కమ్మా, ఏమైందమ్మా నీకు? పండగపూట ఈ శాపనార్థాలేమిటి? ఎవరేం చేశారో గాని, క్షమించమ్మా."

"క్షమించను అయ్యగారూ," అంది రెబెక్కమ్మ. కన్నీళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది, నవ్వుతూ మళ్ళీ ఊరివైపు తిరుగుతోంది. "ఆ కొమ్మ వేరు దిగిందాకా చచ్చినా క్షమించను."